ప్రశ్న–జవాబు: సాకర్ ఆడే అమ్మాయిని మళ్లీ క్యాంపస్‌కు పంపాలా?

ప్రశ్న: మేము నార్త్ కరోలినాలో కేరీ దగ్గర ఉంటాం. మా పెద్దమ్మాయి మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీలో ఫ్రెష్‌మన్, అంటే మొదటి ఏడాది. ఆరేళ్ల వయసు నుంచి సాకర్ ఆడుతోంది. డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) టీమ్‌లో చోటు, దాంతోపాటు కొంత స్కాలర్‌షిప్ వచ్చాయి. తీరా ఆగస్టులో వెళ్లేసరికి సీజన్ వాయిదా వేశారు. రూమ్‌మేట్‌కు కోవిడ్ పాజిటివ్ వచ్చి 14 రోజులు గదిలో ఉంచారు. అక్టోబర్‌లో తనకే వచ్చింది, పెద్దగా లక్షణాలు లేవు. థాంక్స్‌గివింగ్‌కు ఇంటికి వచ్చేసింది. ఇప్పుడు ఫిబ్రవరిలో మ్యాచ్‌లు ఉన్నాయి, రమ్మంటున్నారు. ముందు గుండె పరీక్షలు చేస్తారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. పోయిన నెల ఫ్లోరిడా బాస్కెట్‌బాల్ కుర్రాడు కోర్టులోనే కుప్పకూలడం టీవీలో చూశాను. మావారేమో "ఆట కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటామా, ఇంట్లోనే ఉండి ఆన్‌లైన్‌లో చదువుకోమను" అంటారు. వెళ్లకపోతే ఏడాది పోతుంది, స్కాలర్‌షిప్ పోతుంది అని అమ్మాయి ఏడుపు. ఇంట్లో 72 ఏళ్ల మా అత్తగారు ఉన్నారు, షుగర్ ఉంది. పోయిన ఏడాది ఫిబ్రవరిలో వచ్చి ఇక్కడే చిక్కుకుపోయారు. ఆవిడ "ఆడపిల్లకు బంతి తన్నే చదువేమిటి" అని సణుగుతుంటారు. అమ్మాయి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. పంపాలా, వద్దా?
— కేరీ నుంచి ఒక తల్లి, జనవరి 2021

జవాబు:

మీ ఇంట్లో నలుగురివీ నాలుగు మాటలు. కానీ గొడవంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతోంది: "వెళ్లకపోతే ఏడాది పోతుంది." అది నిజం కాదు. ముందు ఆ ముడి విప్పుకుందాం.

మామూలు రోజుల్లో డివిజన్ 1లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ) లెక్క ఇలా ఉంటుంది. కాలేజీలో చేరినప్పటి నుంచి ఐదేళ్ల గడువు మొదలవుతుంది. ఆ ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడవచ్చు. పోయిన ఆగస్టు 21న డివిజన్ 1 బోర్డు ఫాల్‌లో (ఆగస్టు–డిసెంబర్ సెమిస్టర్‌లో) ఆడే ఆటలన్నిటికీ ఈ లెక్క సడలించింది. 2020–21లో ఎన్ని మ్యాచ్‌లు ఆడినా, ఒక్కటీ ఆడకపోయినా, ఆ సీజన్ లెక్కలోకి రాదు. గడువు కూడా ఒక ఏడాది పెరిగింది. అంటే మీ అమ్మాయి ఫిబ్రవరిలో వెళ్లి ప్రతి మ్యాచ్‌లో దిగినా ఆమెకు ఇంకా నాలుగు సీజన్లు ఉంటాయి. వెళ్లకపోయినా నాలుగే. మూడు వారాలు ఉండి, నచ్చక వెనక్కి వచ్చేసినా నాలుగే.

ఈ సంగతి అమ్మాయికి తెలిసే ఉండాలి, కోచ్ చెప్పే ఉంటారు. అయినా ఏడుస్తోందంటే ఆమె భయం రూల్ గురించి కాదు, టీమ్‌లో తన చోటు గురించి. దాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. అదనపు ఏడాది ఆమె ఒక్కదానికే కాదు, అందరికీ వచ్చింది. మామూలుగా అయితే ఈ పాటికి ఆట ముగించి వెళ్లిపోవాల్సిన సీనియర్లు వచ్చే ఫాల్‌కు కూడా ఉండొచ్చు. వాళ్లకిచ్చే స్కాలర్‌షిప్ ఆ ఒక్క ఏడాదికి టీమ్ పరిమితిలో కలపరు కాబట్టి కోచ్‌లు ఉంచుకోవడానికే చూస్తారు. ఇంకోవైపు కొత్త ఫ్రెష్‌మన్ బ్యాచ్ దిగుతుంది. మైదానంలోకి వెళ్లేది పదకొండు మందే. ఈ స్ప్రింగ్‌లో (జనవరి–మే సెమిస్టర్‌లో) ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది ఏ కోచ్ కూడా కాగితం మీద రాసుకోరు గానీ, మనసులో ఉంచుకోరని నేను హామీ ఇవ్వలేను.

ఇక డబ్బు. ఈ 2020–21 నియమం ప్రకారం డివిజన్ 1 మహిళల సాకర్‌లో ఒక టీమ్ మొత్తానికి ఇవ్వగలిగేది 14 పూర్తి స్కాలర్‌షిప్‌లకు సమానమైన మొత్తం. టీమ్‌లో పాతిక మందికి పైనే ఉంటారు కాబట్టి దాన్ని ముక్కలు చేసి పంచుతారు. మీకు వచ్చిన "కొంత" అలాంటి ముక్కే. కోవిడ్ భయంతో ఈ ఏడాది ఆడను అన్న పిల్లల స్కాలర్‌షిప్ తీసేయడానికి వీల్లేదని ఎన్‌సీఏఏ ఆగస్టులోనే చెప్పింది. కోవిడ్ వస్తే మాది బాధ్యత కాదు అంటూ పిల్లల చేత సంతకాలు పెట్టించుకోకూడదని కూడా చెప్పింది. అలాంటి కాగితం ఎవరైనా ముందు పెడితే సంతకం చేయొద్దనండి. స్కాలర్‌షిప్ విషయం కోచ్ నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. ఈ సెమిస్టర్ ఆడకపోతే నా స్కాలర్‌షిప్‌లో ఏమైనా మారుతుందా అని అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్‌లో కంప్లయన్స్ (నియమాల అమలు) చూసేవాళ్లకు అమ్మాయి చేతే ఒక ఈమెయిల్ పెట్టించండి. జవాబు దాచుకోండి.

ఒక మెలిక కూడా చెప్పాలి. మిగిలిన నాలుగు సీజన్లూ ఆడాలంటే ఆఖరిది 2024 ఫాల్‌లో వస్తుంది. అప్పటికి ఆమె డిగ్రీ అయిపోతుంది. అంటే మాస్టర్స్ చదువుతూ ఆడాలి. ఆ ఐదో ఏడాదికి డబ్బు ఇస్తామని ఎవరూ ఇప్పుడు రాసివ్వరు. సీనియర్లకు ఇచ్చిన మినహాయింపు ఫ్రెష్‌మన్‌కు లేదు. కాబట్టి "ఏడాది మిగిలింది" అని మరీ సంబరపడాల్సిన పనీ లేదు. పోయిందని ఏడవాల్సిన పని అంతకన్నా లేదు.

ఇప్పుడు మీకు నిద్ర లేకుండా చేస్తున్న విషయానికి వస్తాను.

గుండె పరీక్షలు చేస్తామంటే గుండెలో ఏదో ఉందని కాదు. అసలు అవి చేయకుండా గ్రౌండ్‌లోకి దిగమంటేనే నేను పంపొద్దనేదాన్ని. వైరస్ జ్వరాల తర్వాత కొందరికి గుండె కండరంలో వాపు వస్తుంది. మయోకార్డైటిస్ అంటారు. ఇది కోవిడ్‌తో పుట్టింది కాదు, ఫ్లూ లాంటి వాటితోనూ వస్తుంది. వాపు ఉన్నప్పుడు కుర్చీలో కూర్చుని జూమ్ క్లాసు వినేవాళ్లకు తెలియకపోవచ్చు. ఒక మ్యాచ్‌లో దాదాపు 10 కిలోమీటర్లు పరిగెత్తే మిడ్‌ఫీల్డర్‌కు అది ప్రమాదం. గుండె లయ తప్పవచ్చు. అందుకే బిగ్ టెన్ కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే యూనివర్సిటీల కూటమిని కాన్ఫరెన్స్ అంటారు) పోయిన సెప్టెంబర్‌లో, పాజిటివ్ వచ్చిన ప్రతి ఆటగాడికీ, ఆటగత్తెకూ రక్తపరీక్షలు, ఈసీజీ, ఎకో, గుండెకు ఎంఆర్‌ఐ చేయాలని నియమం పెట్టింది. అప్పుడు పెట్టిన గడువు ప్రకారం పాజిటివ్ వచ్చాక కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడకూడదు. మీ అమ్మాయిది ఆ కాన్ఫరెన్సే అని మీరు రాయలేదు. ఏ కాన్ఫరెన్స్ అయినా ఈ నాలుగింటిలో ఏవి చేస్తారో అడగండి. ఆమెకు వచ్చింది అక్టోబర్‌లో, ఇప్పుడు జనవరి. లక్షణాలు కూడా పెద్దగా లేవంటున్నారు. మామూలుగా చూస్తే ఇది భయపడాల్సిన కేసు కాదు. కానీ ఆ మాట చెప్పాల్సింది నేను కాదు, గుండె డాక్టర్. రిపోర్టు చేతికి వచ్చాక మీ ఊళ్లో మీ డాక్టర్‌కు కూడా ఒకసారి చూపించండి. రెండో అభిప్రాయం అడిగితే టీమ్ డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

ఫ్లోరిడా కుర్రాడి విషయం నేనూ చూశాను, డిసెంబర్ 12న. ఒళ్లు జలదరించింది. అతనికి అంతకుముందు కోవిడ్ వచ్చిన మాట నిజమే. కానీ అతను పడిపోవడానికి అదే కారణమని డాక్టర్లెవరూ ప్రకటించలేదు. ఆ రెండిటికీ ముడిపెట్టింది టీవీలు, వాట్సాప్ గ్రూపులు. రాత్రి పడుకునే ముందు ఆ వీడియో మళ్లీ చూడకండి.

నన్నడిగితే ఆమె గుండె కన్నా మోకాళ్ల గురించి ఎక్కువ బెంగ పెట్టుకుంటాను. ఈ మాట మీకు ఎవరూ చెప్పి ఉండరు. మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం సాకర్‌లో మగపిల్లల కంటే ఆడపిల్లల్లోనే ఎక్కువ. తెగితే ఆపరేషన్, ఆ తర్వాత తొమ్మిది నెలలో ఏడాదో ఆటకు దూరం. మీ అమ్మాయి పోయిన మార్చి నుంచి పూర్తి మ్యాచ్ ఎన్ని ఆడి ఉంటుంది? మధ్యలో రెండుసార్లు గదిలో బందీ. ఇంట్లో రెండు నెలలు. ఇప్పుడు మిడ్‌వెస్ట్ చలిలో, ఫిబ్రవరిలో, బిగుసుకున్న కండరాలతో హడావిడిగా మ్యాచ్‌లకు దించితే ఏమవుతుంది? పైగా స్ప్రింగ్ సీజన్ మే దాకా సాగవచ్చు, ఆగస్టులో మళ్లీ ఫాల్ సీజన్. ఒకే ఏడాదిలో రెండు సీజన్లు. కాబట్టి కోచ్‌తో మాట్లాడేటప్పుడు "మొదటి మ్యాచ్‌కు ముందు ఎన్ని వారాల ప్రాక్టీస్ ఉంది, తనను మెల్లగా ఎలా ఎక్కిస్తారు" అని అడగమనండి. ఈలోపు ఇంట్లో కూర్చోకుండా టీమ్ ట్రైనర్ ఇచ్చిన కసరత్తులు రోజూ చేయమనండి. కేరీలో జనవరి చలి అంత ఏమీ కాదు, బయటికి వెళ్లి పరిగెత్తొచ్చు.

క్యాంపస్ సంగతి. ఇది మీకు నేను చెప్పాలా, మీ పక్కనే జరిగింది కదా. చాపెల్ హిల్‌లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా (యూఎన్‌సీ) ఆగస్టు 10న తరగతులు మొదలుపెట్టింది. వారం తిరక్కుండానే హాస్టళ్లలో ఒకచోట తర్వాత ఒకచోట గుంపుగా కేసులు బయటపడ్డాయి. ఆ ఒక్క వారంలో 130 మంది విద్యార్థులకు పాజిటివ్. పరీక్షల్లో పాజిటివ్ శాతం 2.8 నుంచి 13.6కు ఎగబాకింది. ఆగస్టు 17న చేతులెత్తేసి డిగ్రీ తరగతులన్నీ ఆన్‌లైన్ అన్నారు. పెట్టెలు విప్పని పిల్లలు మళ్లీ అవే పెట్టెలు కార్లలో ఎక్కించుకుని ఇంటిదారి పట్టారు. అక్కడికి పది మైళ్లు లేదో డ్యూక్ యూనివర్సిటీ. పక్కపక్క కౌంటీల గాలి, అదే వయసు పిల్లలు. డ్యూక్ మాత్రం సెమిస్టర్ నడిపేసింది. హాస్టళ్లలోకి ఎక్కువగా మొదటి, రెండో ఏడాది వాళ్లనే రానిచ్చింది. వచ్చిన రోజే పరీక్ష, ఆ తర్వాత లక్షణాలు ఉన్నా లేకపోయినా వంతులవారీగా పరీక్ష. ఐదుగురి శాంపిళ్లు ఒకచోట కలిపి పరీక్షించి, పాజిటివ్ వస్తేనే విడివిడిగా చూసే పద్ధతి పెట్టింది. ఆగస్టు 2 నుంచి అక్టోబర్ 11 దాకా పదివేల మంది విద్యార్థులకు దాదాపు 69 వేల పరీక్షలు చేశారు. ఇలినాయ్ యూనివర్సిటీ అయితే ఉమ్మితో చేసే పరీక్షను సొంతంగా తయారు చేసుకుని వారానికి రెండుసార్లు చేసింది. ఆరిజోనా యూనివర్సిటీ ఇంకో అడుగు ముందుకు వేసి హాస్టల్ మురుగునీటిని పరీక్షించింది. ఒక హాస్టల్ నీళ్లలో వైరస్ జాడ కనబడగానే అందులోని 311 మందినీ పరీక్షిస్తే, ఏ లక్షణమూ లేని ఇద్దరు దొరికారు.

అందుకే "క్యాంపస్ తెరిచారా లేదా" అన్నది అసలు ప్రశ్నే కాదు. ఎలా తెరిచారు, లక్షణాలు లేనివాళ్లకు కూడా పరీక్షలు చేస్తున్నారా, ఎన్ని రోజులకోసారి, అన్నదే చూడాలి. సాకర్‌ను ఎన్‌సీఏఏ ఒంటికి ఒళ్లు ఎక్కువ తగిలే ఆటల్లో చేర్చింది. అలాంటి ఆటల్లో పోటీకి ముందు 72 గంటల లోపు పరీక్ష చేయాలని పోయిన జులైలోనే సూచించింది. టీమ్ పిల్లలకు పరీక్షలు బాగానే చేస్తారు. కానీ ఆమె కెమిస్ట్రీ ల్యాబ్‌లో పక్కన నిలబడే పిల్లకు చేస్తున్నారా? డైనింగ్ హాల్‌లో? అది అడగండి.

ఇంకొక విచిత్రం కూడా చూసే ఉంటారు. చాపెల్ హిల్‌లో క్లాసుకు రావద్దన్నారు గానీ ఆటకు మాత్రం రమ్మన్నారు. అక్కడి సాకర్ అమ్మాయిలే నవంబర్‌లో మీ కేరీలో తమ కాన్ఫరెన్స్ అయిన ఏసీసీ టోర్నమెంట్ ఫైనల్ ఆడి ఫ్లోరిడా స్టేట్ చేతిలో 3–2తో ఓడిపోయారు. బయాలజీ క్లాసుకు ప్రమాదమైన వైరస్ కార్నర్ కిక్‌కు ప్రమాదం కాదా అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. అమెరికా కాలేజీ ఆటల్లో డబ్బు తెచ్చేది ఫుట్‌బాల్, అంటే వీళ్ల ఫుట్‌బాల్, హెల్మెట్ పెట్టుకుని ఆడేది. మిగతా ఆటలు చాలావరకు ఆ డబ్బు మీదే బతుకుతాయి. అది ఆగితే ఖజానా ఎండుతుంది. స్టాన్‌ఫర్డ్ అంతటిది పోయిన జులైలో ఒకేసారి 11 ఆటలు ఎత్తేస్తున్నామని ప్రకటించింది. మీకు భయం వద్దు, వాటిలో మహిళల సాకర్ లేదు. చదువుల్లో ఆడ, మగ తేడా చూపకూడదన్న 1972 నాటి టైటిల్ 9 చట్టం వల్ల ఆడపిల్లలకు కూడా తగినన్ని అవకాశాలు చూపించాలి. ఈ 2020–21 లెక్కలో ఒక్క ఫుట్‌బాల్ జట్టే 85 స్కాలర్‌షిప్‌లు తినేస్తుంటే, దానికి సరితూగేలా అటువైపు పెట్టడానికి మహిళల సాకర్ లాంటి పెద్ద జట్లు కాలేజీలకు కావాలి. మీ అమ్మాయి టీమ్ రేపు మూతపడుతుందేమోనన్న దిగులు మాత్రం నాకు పెద్దగా లేదు.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది, ఎవరితో కలిసి ఉంటుంది అని. పాజిటివ్ వచ్చినవాళ్ల కంటే వాళ్ల పక్కన ఉన్నందుకు గదికి పరిమితమైనవాళ్లే పోయిన ఫాల్‌లో జట్లను కుదేలు చేశారు. నలుగురు టీమ్‌మేట్లు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఒకరికి వచ్చినా నలుగురూ పోతారు. టీమ్ బయటి పిల్లలతో ఉంటే, వాళ్లకు టీమ్‌లో లాగా పరీక్షలు ఉండవు. నేనైతే టీమ్‌మేట్ ఒక్కరితో రెండు గదుల ఇల్లు ఎంచుకుంటాను. వీలు కాకపోతే కనీసం సింగిల్ రూమ్. ఐసొలేషన్ గది ఎక్కడ, అన్నం ఎవరు తెస్తారు, రోజుకోసారి ఎవరైనా ఫోన్ చేస్తారా అని కూడా తెలుసుకోండి. పోయిన అక్టోబర్‌లో తనకు కోవిడ్ వచ్చి గదిలో ఒంటరిగా ఉన్న ఆ రోజులు ఎలా గడిచాయని మీరు ఆమెను ఎప్పుడైనా అడిగారా? మీ ఉత్తరంలో "పెద్దగా లక్షణాలు లేవు" అనే రాశారు. పద్దెనిమిదేళ్ల పిల్ల, కొత్త ఊళ్లో, టీమ్‌లో సగం మంది ముఖాలు మాస్కు లేకుండా చూడనైనా లేదు. గుమ్మం బయట అట్టపెట్టెలో చల్లారిన తిండి.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పుకోనివ్వండి. డిగ్రీ రెండో ఏడాదిలో మా కాలేజీ వాలీబాల్ టీమ్‌లో ఉండేదాన్ని. ఇంటర్ కాలేజీ పోటీలకు పది రోజులు ఉందనగా హాస్టల్లో ఒకమ్మాయికి ఆటలమ్మ పోసింది. రెండు రోజుల్లో ఆరుగురికి. వార్డెన్ హాస్టల్ ఖాళీ చేయించి అందరినీ ఊళ్లకు పంపేశారు. నాకు పోయలేదు. అయినా ఇంటికి చేరాక మళ్లీ పంపలేదు. "పోటీలదేముంది, ఆటే కదా" అన్నారు మా నాన్న. పరీక్షలకు మాత్రం పంపారు. ఆటలమ్మ పేరులోనే ఆట ఉంది, నా ఆట అలా పోయింది. మా నాన్న మీద కోపం ఎప్పుడో పోయింది. కానీ "ఆటే కదా" అన్న మాట మాత్రం నలభై ఏళ్లయినా అలాగే ఉంది. మీవారు ఆ మాట వాడి ఉంటే, దయచేసి ఇంకోసారి అనవద్దని చెప్పండి. పంపనని చెప్పే హక్కు ఆయనకు ఎంతవరకు ఉందో తర్వాత చూద్దాం. ముందు పన్నెండేళ్లుగా శని, ఆదివారాలు మీరే కారు నడిపి తిప్పిన ఆటను చిన్నది చేయవద్దు.

మీవారి ఆలోచన తెలివితక్కువదేమీ కాదు. ఆన్‌లైన్‌లో చదువు కొనసాగిస్తే సీజన్లు పోవు, క్రెడిట్లు వస్తాయి. ఐవీ లీగ్ కాలేజీలు (హార్వర్డ్ లాంటి ఎనిమిది) జులై 8న ఫాల్ ఆటలు ఆపేశాయి. వాటిని స్ప్రింగ్‌కు కూడా జరపబోమని నవంబర్‌లో చెప్పాయి. అక్కడ మాస్టర్స్ చదువుతూ ఆడనివ్వరు కాబట్టి చాలామంది ఆటగాళ్లు ఏకంగా ఏడాది చదువే ఆపుకున్నారు. మీ అమ్మాయికి ఆ ఇబ్బంది లేదు. చదువు ఆపాల్సిన పని లేదు కనుక ఆపొద్దు. ఆపితే చదువు మీద వచ్చే మెరిట్ డబ్బులు ఏమైనా ఉంటే వాటికి చిక్కు రావచ్చు.

నేనైతే పంపుతాను. గుండె రిపోర్టు శుభ్రంగా వచ్చాక, టీమ్ బయట పిల్లలకు కూడా వారానికి ఒక్కసారైనా పరీక్ష చేస్తున్నారని తెలిశాక. ఈ రెండిట్లో ఏది లేకపోయినా ఈ సెమిస్టర్ ఇంట్లోనే. పంపుతాను అనడానికి కారణం ఆట గొప్పది అని కాదు. ఈ ఒక్క ఏడాది వెళ్లినా, మధ్యలో తిరిగి వచ్చినా రూల్ ప్రకారం ఆమె నష్టపోయేది ఏమీ లేదు. ఇంట్లో ఉంచితే మాత్రం, ఎవరితోనూ మాట్లాడకుండా ఆమె మూసుకున్న ఆ తలుపు అలాగే ఉంటుంది. వెళ్లే ముందు తనతో ఒక ఒప్పందం చేసుకోండి. ఏ రోజైనా "అమ్మా, వచ్చేస్తాను" అని ఫోన్ చేస్తే, ఎందుకు అని అడగకుండా మీలో ఒకరు కారు వేసుకుని బయల్దేరతారు. టీమ్‌కు మానసిక నిపుణులు ఉన్నారేమో అడిగి, మొదటి వారంలోనే ఒకసారి మాట్లాడమనండి. బాధ ముదిరాక కాదు. ఇంట్లో ఉన్నప్పుడే తిండి, నిద్ర తగ్గిపోయినట్టు కనిపిస్తే, లేదా బతుకు మీద విసుగు మాటలు వినిపిస్తే ఇదంతా పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

ఆమెకు పద్దెనిమిది నిండాయి. చట్టం ప్రకారం టీమ్ డాక్టర్ మీతో మాట్లాడాలన్నా ఆమె అనుమతి కావాలి. ఆ కాగితం మీద మాత్రం సంతకం చేయించుకోండి.

మీ అత్తగారి విషయంలో నేను కాస్త గట్టిగా చెబుతాను. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా ప్రాణాపాయం ఉన్నది ఆవిడకే. పోయిన మార్చిలో మన దేశం విమానాలు ఆపేసిన దగ్గర్నుంచి ఇలా పిల్లల ఇళ్లలో చిక్కుకున్న పెద్దవాళ్లు ఎంతమందో. నార్త్ కరోలినాలో ఈ జనవరి (2021)లో 65 దాటిన వాళ్లకు టీకా ఇస్తున్నారు. డబ్బు కట్టక్కర్లేదు. ఇన్సూరెన్స్ లేదనో, విజిటర్ వీసా అనో వెనకాడకండి. ఇవాళే కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి పేరు రాయించండి. ఫైజర్ అయితే 21 రోజులకు, మోడెర్నా అయితే 28 రోజులకు రెండో డోసు. ఆ తర్వాత ఇంకో రెండు వారాలు. అప్పటిదాకా అమ్మాయి వారాంతానికి ఇంటికి రావడాలు, మ్యాచ్ గెలిచాం అని ఎగిరి వచ్చి నాయనమ్మను కౌగిలించుకోవడాలు వద్దు. నిజం చెప్పాలంటే అమ్మాయి క్యాంపస్‌లో ఉండటమే ఆవిడకు మంచిది. ఈ మాట మీవారికి చెబితే ఆయన లెక్క కొంచెం మారవచ్చు.

రూల్స్ మళ్లీ మారితే ఏం చేయాలని అడుగుతారేమో. మారతాయి. పోయిన జులై 6న, క్లాసులన్నీ ఆన్‌లైన్ అయితే ఎఫ్‌–1 వీసా మీద చదువుకునే విదేశీ పిల్లలు దేశం విడిచి వెళ్లాలి అన్నారు. మనవాళ్ల ఇళ్లలో ఎంత టెన్షనో గుర్తుందిగా. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకు వెళ్తే 14కల్లా వెనక్కి తీసుకున్నారు. ఎనిమిది రోజులు. అందుకే విమానం టికెట్ తిరిగి డబ్బు ఇచ్చేదే కొనండి.

ఇక "ఆడపిల్లకు బంతి తన్నే చదువేమిటి" అన్న అత్తగారికి ఒక కథ. సారా ఫుల్లర్ అని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ అమ్మాయి, సాకర్‌లో గోల్‌కీపర్. వాళ్ల కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీ, పోయిన ఫాల్‌లో ఆట ఆపలేదు. ఎనిమిదే మ్యాచ్‌లతో సీజన్ నడిపి, నవంబర్‌లో టోర్నమెంట్ పెట్టింది. వాండర్‌బిల్ట్ ఏడో సీడ్‌గా (ఏడో ర్యాంకుతో) వెళ్లి నవంబర్ 22న ఫైనల్‌లో ఆర్కాన్సాను 3–1తో ఓడించి కప్పు కొట్టింది, 1994 తర్వాత మళ్లీ ఇప్పుడే. అదే వారం మగపిల్లల ఫుట్‌బాల్ జట్టులో బంతి తన్నే కిక్కర్లు కోవిడ్ కారణంగా గదుల్లో కూర్చోవాల్సి వచ్చింది. తన్నేవాళ్లు లేరు. ఈ అమ్మాయిని అడిగారు. నవంబర్ 28న మిజోరి మీద కిక్‌ఆఫ్ తన్నింది. పెద్ద కాన్ఫరెన్స్‌ల ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒక అమ్మాయి ఆడటం అదే మొదలు. మ్యాచ్ 41–0తో ఓడిపోయారు, అది వేరే సంగతి. డిసెంబర్ 12న టెనెసీ మీద రెండు ఎక్స్‌ట్రా పాయింట్లు (టచ్‌డౌన్ తర్వాత బంతి తన్ని తెచ్చే పాయింట్లు) కొట్టి, ఆ పెద్ద కాన్ఫరెన్స్‌లలో స్కోరు చేసిన మొదటి అమ్మాయి కూడా అయింది. బంతి తన్నడం ఆడపిల్లకే వచ్చిన రోజు ఒకటి వచ్చిందని అత్తగారికి చెప్పండి. యూట్యూబ్‌లో ఉంది, చూపించండి.

ఫాల్‌లో జరగాల్సిన ఎన్‌సీఏఏ మహిళల సాకర్ చాంపియన్‌షిప్‌ను ఈ స్ప్రింగ్‌కు జరిపారు. 64 జట్లకు బదులు 48. సెమీఫైనల్స్, ఫైనల్ మే 13 నుంచి 17 దాకా, మీ కేరీలోనే. మీ అమ్మాయి జట్టు అక్కడిదాకా వస్తుందో రాదో నాకు తెలియదు, ఫ్రెష్‌మన్‌ను దింపుతారో లేదో అంతకన్నా తెలియదు. కానీ ఈసారి ఆమె గది తలుపు తట్టేటప్పుడు వెళ్తావా, మానేస్తావా అని మొదలుపెట్టకండి. మేలో మన ఊళ్లో ఫైనల్ ఉందట కదా, నీ టీమ్‌లో బాగా ఆడేది ఎవరు అని అడిగి చూడండి. ఎంతసేపు మాట్లాడిందో నాకు మళ్లీ రాయండి.